చింతలపూడి షీటులో కొల్లేటి ఇల్లు

"కంప్యూటర్ తప్పండి, ఏం చేస్తాం" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. బ్యాంకులో అన్నా మండుతుంది, రైలు టిక్కెట్ల దగ్గర అన్నా మండుతుంది. మా ఆఫీసులో అన్న రోజు మాత్రం మంటతో ఆగలేదు, పన్నెండేళ్లుగా దాచుకున్న ఓర్పంతా ఆ పూటతో అయిపోయింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ ఎప్పుడూ అంటుంది. ఉంటే ఉండనివ్వండి. ముక్కన్నాక దానికీ ఏదో ఒక పని ఉండాలి కదా.

మాది తాడేపల్లిగూడెం. పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి, ఏలూరు పవర్‌పేటలో దిగి, పది నిమిషాలు నడిస్తే మా ఆఫీసు. ఆఫీసంటే పెద్దదేం కాదు. ముందు గదిలో ఇంజనీరు గారి బల్ల, వెనక గదిలో నేను, నా కంప్యూటరు, ప్లాన్లు తీసే ప్రింటరు. క్యాడ్‌లో ఇళ్ల ప్లాన్లు వెయ్యడం నా పని. ఇల్లు కట్టుకునేవాళ్లు ముందు గదిలోకే వస్తారు, సారుతోనే మాట్లాడతారు. సారు స్థలం కొలతలూ వాళ్లకి కావలసినవీ ఒక కాగితం మీద గీసి నాకు పంపిస్తారు. వంటగది ఏ మూల రావాలో నాకు తెలుస్తుంది గానీ, ఆ వంటగదిలో వండబోయేది ఎవరో తెలియదు. స్థలం చూడను, మనుషుల్ని చూడను. మా దగ్గర పద్ధతి అది. ఇంత కోపంలోనూ ఆయన్ని బహువచనంతోనే పిలుస్తున్నాను చూడండి, మా గోదావరి జిల్లాల పెంపకం అలాంటిది.

క్యాడ్ తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క చెప్పాలి. ఇంటిని కంప్యూటర్లో అసలు కొలతలతో ఒకసారి గీస్తాం. తర్వాత దాన్ని మేస్త్రికి ఇవ్వడానికి ఒక షీటు తయారుచేస్తాం. ఆ షీటు మీద చిన్నవీ పెద్దవీ వ్యూలు ఉంటాయి. ఒక వ్యూలో గదుల ప్లాను, ఒకదాంట్లో ఎదరనుంచి కనిపించే ఇల్లు, ఒకదాంట్లో సెక్షన్. సెక్షన్ అంటే ఇంటిని నిలువునా కోస్తే పునాది నుంచి శ్లాబు దాకా ఎలా ఉంటుందో చూపించే బొమ్మ. ఒక్కో వ్యూ ఒక్కో కిటికీ అనుకోండి. కిటికీలోంచి మనం గీసిన ఇల్లే కనిపిస్తుంది, అక్కడ గోడ జరిపితే ఇక్కడ కూడా జరుగుతుంది. ఇలాంటి షీటును మొదటినుంచీ అమర్చుకోవాలంటే అరపూట పడుతుంది. అందుకని పాత డ్రాయింగులోని షీటును వ్యూలతో సహా లాగి కొత్త డ్రాయింగులో పెట్టుకుంటాం. కిటికీలు పాతవే, వాటిలోంచి కనిపించే ఇల్లు కొత్తది. అన్ని ఆఫీసుల్లోనూ చేసేదే, నేనూ రోజూ చేసేదే.

మా సారుకి ఇలా లాగడానికి ఒక ముద్దుల షీటు ఉంది. ఎప్పుడో నేను చేరకముందు చింతలపూడిలో ఒక పామాయిల్ రైతుకి ఇల్లు వేసినప్పుడు ఆయన స్వయంగా అమర్చుకున్న షీటు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా. నల్లజర్ల ఇంటికీ అదే, ఏలూరులో మేడ మీద మేడకీ అదే. ఒకసారి అత్తిలిలో కాలవ పక్కన కట్టే ఇంటికి అది లాగితే, సరిహద్దులు చూపించే మూల 'పామాయిల్ తోట' అని చింతలపూడి రాత అలాగే ఉండిపోయింది. ఆ ఇంటాయన ఫోన్ చేసి, "ఏవండీ, మా వరిచేలో పామాయిల్ ఎప్పుడు నాటారండీ?" అని అడిగారు. సారు పకపకా నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది.

ఇల్లు కట్టుకోవాలని ఒకావిడ వచ్చిన రోజు సారు ఆఫీసులో లేరు. కొల్లేట్లో ఒక లంక ఊరు ఆవిడది. అక్కడి బడిలో పిల్లలకి మధ్యాహ్న భోజనం వండుతారు. భర్త చేపల చెరువు గట్టు మీద కాపలా ఉంటారు. నలభై అయిదేళ్లుంటాయేమో, మనిషి సన్నగా, చేతులు మాత్రం పెద్ద గంటెలు తిప్పీ తిప్పీ గట్టిపడినట్టున్నాయి. సారు లేరన్నా వెళ్లలేదు. వెనక గది గుమ్మంలోకి వచ్చి, సంచిలోంచి ఒక పురికొస ముక్క తీసి నా బల్ల మీద పెట్టారు.

"కొలతలు రాసుకోవడం నాకు రాదమ్మా. తాడే తెచ్చేశానండి," అన్నారు. "మొన్న వరదకి మా గోడ మీద నీళ్లు ఇందాకా వచ్చాయండి. నేల కాణ్ణించి ఆ చార దాకా ఈ తాడు. కొత్తింట్లో నేల దీని కంటే పైకి రావాలండి."

కూర్చోమన్నాను. కూర్చున్నాక అసలు సంగతి చెప్పారు. అత్తగారు మంచం మీదే ఉంటారు, లేవలేరు. వరదొచ్చినప్పుడు మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టారట. నీళ్లు పెరిగితే ఇంకో వరస పెట్టారట. ఇటుకలు అయిపోయాక బడి బల్లలు తెచ్చి వాటి మీదకి ఎక్కించారట. చివరికి మంచంతో సహా పడవలోకి దించారు.

"దారి పొడుగూతా 'నన్నిక్కడే వదిలెయ్యండే' అని ఏడుస్తానే ఉన్నారండి. నలుగురు మగాళ్లు మోస్తంటే ఆవిడకి చెడ్డ సిగ్గు. ఇంకోసారి ఆవిణ్ణి ఎత్తే పని లేకండా ఉండాలనే ఈ ఇల్లు కడతన్నామండి. గదులు చిన్నవైనా పర్లేదు. నేల మటుకు తగ్గించకండి."

టేపు పెట్టి తాడు కొలిచాను. నాలుగడుగులు. "ఇంకో అరడుగు పైన వేస్తానండి, నాలుగున్నర," అన్నాను. "ఆయ్," అన్నారు తృప్తిగా. ఆ తాడు మళ్లీ చుట్టి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు.

పన్నెండేళ్లలో ఇంటి మనిషి నాతో నేరుగా మాట్లాడిన ప్లాను అదొక్కటే. ఎంత శ్రద్ధగా వేశానో చెప్పలేను. నల్లరేగడి కాబట్టి పునాది లోతు సారుని అడిగి రాయించుకున్నాను. నేల నాలుగున్నర అడుగులు. వరండాకి తొమ్మిది మెట్లు. అత్తగారి మంచం తిరిగేంత వెడల్పు తలుపు. అన్నీ వేసి, షీటు కొత్తగా అమర్చుకుందామని కూర్చునేసరికి సారు వచ్చి వెనక నిలబడ్డారు.

"రేపు పొద్దున్నే వాళ్లు ముగ్గు పోసుకుంటారంటమ్మా. ఇప్పుడు షీటు కొత్తగా ఎందుకు? చింతలపూడిది లాగేసెయ్."

"ఇది కొల్లేరండి సార్. ఎత్తులన్నీ వేరు. మధ్యాహ్నానికల్లా కొత్తది పెట్టేస్తాను."

"నీ డ్రాయింగులో కొలతలు సరిగ్గా ఉన్నాయా?"

"ఉన్నాయండి."

"ఉంటే ఇంకేం? వ్యూలు నీ ఇంటినే చూపిస్తాయి. లేకపోతే కంప్యూటర్ కొన్నదెందుకు, చేత్తో గీసుకునేవాళ్లం కదా."

"అందులో వ్యూలన్నీ పనిచేసేవేనా సార్?"

"అన్నీ బాగానే ఉన్నాయి. నేను పెట్టిన షీటమ్మా అది."

లాగాను. ప్లాను చక్కగా వచ్చింది, మంచం తిరిగే తలుపుతో సహా. ఎదర బొమ్మ వచ్చింది. సెక్షన్ ఉండాల్సిన చోట సెక్షన్ ఉంది. పిల్లరు, బీము, నేల, గోడ, శ్లాబు. ఏ ఇంటి సెక్షన్ అయినా చూడ్డానికి ఒకేలా ఉంటుంది. ప్రింటు తీశాను, సారు సంతకం పెట్టారు, ఆవిడ భర్త వచ్చి తీసుకెళ్లారు.

రెండు నెలలు గడిచాయి. ఒక రోజు ఆవిడ మళ్లీ వచ్చారు, చేతిలో లడ్డూల పొట్లంతో. అంతకు ముందు రోజే ముహూర్తం పెట్టించి ద్వారబంధం నిలబెట్టారట. "మీ చేత్తో వేసిన ప్లానమ్మా, నోరు తీపి చేసుకోండి," అన్నారు. నేను లడ్డూ తింటున్నాను, ఆవిడ మాత్రం వెళ్లడం లేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడ్డారు.

"ఒక మాట అడగొచ్చాండి? నేల ఇంకా లేపుతారండీ, ఇంతేనా?"

"ఇంతే అంటే ఎంత వచ్చిందండీ?"

"మా ఆయన మోకాలి పైకుందండి."

నోట్లో లడ్డూ అలాగే ఉండిపోయింది. కంప్యూటర్లో డ్రాయింగు తెరిచాను. నేను గీసిన ఇల్లు నాలుగున్నర అడుగుల మీద నిక్షేపంలా నిలబడి ఉంది. షీటు తెరిచాను. సెక్షన్ మీద నేల ఎత్తు రెండడుగులు అని ఉంది. ఆ సెక్షన్ మీద నొక్కి చూస్తే అది వ్యూ కాదు. కిటికీ తీసేసి, ఆ చోట కిటికీ ఫొటో అతికించినట్టు, ఎవరో ఆ వ్యూని పగలగొట్టి ఉత్త గీతలుగా మార్చేశారు. నా ఇల్లు ఎంత మారినా ఆ గీతలు మారవు. చింతలపూడి ఎర్రమట్టి గట్టినేల మీద, నీళ్లంటే బోరులోంచి మాత్రమే వచ్చే చోట కట్టిన ఇంటికి ఆ రెండడుగులు చాలు. దాన్ని తీసుకెళ్లి కొల్లేటి మధ్యలో పెట్టాం.

సారు వచ్చాక చూపించాను. ఆయన తెర వైపు వంగి చూశారు. మొహంలో ఏదో మారింది, అది నేను చూశాను. వెంటనే సర్దుకుని ఆవిడ వైపు తిరిగారు.

"కంప్యూటర్ తప్పండి, ఏం చేస్తాం. ఒక్కోసారి అలా లాగేస్తుంది. అయినా రెండడుగులంటే తక్కువేం కాదండి. ఇప్పుడు వరదలెక్కడొస్తున్నాయి, గట్లన్నీ గట్టిగా పోశారు కదా."

"ఆయ్," అన్నారావిడ. మొదటిరోజు తాడు చుట్టుకుంటూ అన్న ఆయ్ కాదు ఇది. వచ్చినదారినే మెల్లగా వెళ్లిపోయారు. ఆవిడ వెనకే పరుగెత్తి ఆపాలనిపించింది నాకు. ఆపి ఏం చెప్పాలో తెలియక ఆగిపోయాను. ఆ చేతకానితనం మీద వచ్చిన కోపం కూడా సారు మీదే తీర్చుకున్నాను.

"కంప్యూటర్ ఏం చేసిందండీ? ఈ సెక్షన్ పగలగొట్టిందెవరు?"

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ రోజుల్లో ప్రింటరు మొరాయించేదమ్మా. సెక్షన్ దగ్గరికి రాగానే ఆగిపోయేది. అందుకని విడగొట్టేశాను. ఎన్నేళ్లయిందో, నాకు మాత్రం గుర్తుంటుందా? అయినా పంపేముందు కొలత చదువుకోవడం నీ పని కాదూ?"

గురివింద గింజ సామెత నోటి దాకా వచ్చింది. మింగేశాను. కొలత చదవలేదు, నిజమే, ఒప్పుకుంటాను. కానీ అడిగాను కదా? అన్నీ పనిచేస్తున్నాయా అని అడిగాను కదా? అడిగినదానికి విలువ లేదు, వద్దన్నదానికి విలువ లేదు, కొత్తగా పెడతానంటే అరపూట లేదు. తప్పు బయటపడ్డాక మాత్రం అది నా పని. ప్లాను బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే "మా ఆఫీసు ప్లానండి" అంటారు, ఒక్కనాడూ "ఆ అమ్మాయి వేసింది" అన్నమాట లేదు. ఆ సాయంత్రం ప్యాసింజర్లో భీమడోలు దాటేదాకా పక్కావిడతో ఈ మాటే చెప్పాను. ఆవిడ పూళ్లలో దిగాలి, పాపం, దిగేదాకా విన్నారు.

ఆదివారం నేను కొల్లేరు వెళ్లాను. ఎవరూ వెళ్లమనలేదు, సారుకి చెప్పలేదు. ఏలూరులో కైకలూరు బస్సెక్కి, మధ్యలో దిగి, ఆటోలో చెరువుల గట్ల మీదుగా పోతే ఆ ఊరు. దారికి రెండువైపులా చెరువులే, ఎండలో మేత వాసన, దూరంగా గూడబాతులు. నేను వేసిన ఇళ్లలో నా కళ్లతో చూడబోతున్న మొదటి ఇల్లు అదని ఆటోలో కూర్చున్నాక గానీ నాకు తట్టలేదు. పన్నెండేళ్లు!

ఇల్లింకా నాలుగు వరసల గోడ దగ్గరే ఉంది. ఆ గోడ మధ్యలో ద్వారబంధం ఒక్కటే నిటారుగా, గడపకి పసుపు, పైన వాడిన మామిడాకులు. పక్కనే పాత ఇల్లు. దాని గోడ మీద వరద చార అడ్డంగా, ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు అంత తిన్నగా ఉంది. టేపు తీసి కొలిచాను. కొత్త గడప కంటే ఆ చార రెండడుగులు పైన ఉంది. అంటే ఆ నీళ్లే మళ్లీ వస్తే కొత్తింట్లో మంచం, దాని మీద మనిషి మునుగుతారు. పాతింటి లోపల మంచం మీద నుంచి "ఎవరే వచ్చింది?" అని ముసలావిడ గొంతు వినిపించింది. "ప్లానేసిన అమ్మాయి వచ్చిందండి," అని కోడలు గొప్పగా చెప్పారు. తలెత్తలేకపోయాను.

మేస్త్రిని పిలిపించారు. పెద్దాయన. కోప్పడదామనే వెళ్లాను, ఆయన మాత్రం చేతులు కట్టుకుని మెల్లగా మాట్లాడారు.

"నాకూ అనుమానం వచ్చిందండి. ఈ ఊళ్లో రెండడుగులెవరూ పెట్టరు. సారుకి ఫోన్ చేశానండి. ప్లానులో ఏముంటే అది చెయ్యవయ్యా, నీ సొంత తెలివి పెట్టకు అన్నారండి. నేనేం చేస్తానండి, నా తెలివితో కడితే రేపు నా మీదకే వస్తాది."

అంటే సారుకి రెండు నెలల కిందటే ఫోన్ వెళ్లింది. షీటు తీసి చూసే ఓపిక లేక ఆ మాట అనేశారు. నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయి. ఇంటావిడ వైపు తిరిగి, "మీరైనా గట్టిగా అడగాల్సింది కదండీ, తాడు కొలిచి ఇచ్చింది మీరే కదా," అన్నాను. అనకూడని మాట, కానీ అనేశాను.

"అడుగుదామనే అనుకున్నానమ్మా. మీరు చదువుకున్నోళ్లు, కంప్యూటర్లో వేశారు. నాకంటే ఎక్కువే తెలుస్తాదిలే, తాడు చూసే వేశారు కదా అనుకున్నాను. నా కళ్లెదురుగా గోడ మీద చార కనబడతానే ఉందండి. అయినా కాగితమే నమ్మాను."

మేస్త్రినే అడిగాను, ఇప్పుడైనా లేపడం కుదురుతుందా అని. కుదురుతుందన్నారు. పిల్లర్లు ఇంకా పైకి వెళ్లాల్సినవే, నాలుగు వరసల గోడా తీసేసి, ఎత్తు పెంచి ఇంకో బీము పోసి, లోపల గ్రావెల్ నింపితే సరిపోతుంది. అయితే ముందు ద్వారబంధం తియ్యాలి. సవరించిన కాగితం చేతిలో ఉండాలి, నోటిమాట మీద ఇక ఇటుక కూడా కదపనన్నారు. ఆయన్ని తప్పు పట్టలేం.

అక్కణ్ణుంచే సారుకి ఫోన్ చేశాను. అదనపు పనంతా ఆఫీసే చేయించాలన్నాను. చాలాసేపు దగ్గి, చివరికి సరే అన్నారు. ఆ వెంటనే కొత్త మెలిక పెట్టారు. "ముహూర్తం పెట్టి నిలబెట్టిన ద్వారబంధం తీస్తే అరిష్టమమ్మా. వాళ్లే ఒప్పుకోరు, కావాలంటే అడుగు." అడిగాను. ఆవిడ పాతింటి గోడ వైపొకసారి చూశారు.

"నీళ్లు ముహూర్తం అడిగి రావు గదండీ. తీసెయ్యండి. పంతులు గారినడిగి తియ్యడానిక్కూడా ఓ మంచి గడియ పెట్టిత్తాను."

పంతులు గారు గురువారం పొద్దున్న అన్నారు. బుధవారం నేను షీటు సవరించడానికి కూర్చున్నాను. అటూ ఇటూ చేసి గజిబిజి అయిపోయిన పాత ఫైలు వదిలేసి, నా ఇంటి డ్రాయింగుని కొత్త ఫైలులోకి తెచ్చుకుని, చింతలపూడి షీటే మళ్లీ లాగి, ఆ దిక్కుమాలిన సెక్షన్ గీతలు చెరిపేసి వాటి స్థానంలో అసలైన వ్యూ పెట్టాను. నేల నాలుగున్నర అడుగులని కనిపించింది. ఒకటికి రెండుసార్లు చదివాను. అప్పుడే సారు వచ్చారు.

షీటు కింద మూల సవరణల గడి అని ఒకటి ఉంటుంది, ఎప్పుడు ఎందుకు మార్చామో రాయడానికి. సారు వెనక నిలబడి చెప్పారు. "అందులో ఇలా రాయమ్మా. ఓనరు కోరిక మేరకు నేల ఎత్తు పెంచడమైనది."

కీబోర్డు మీంచి చేతులు తీసేశాను. "ఎవరి కోరిక సార్?"

"మాటవరసకమ్మా. అందరూ అలాగే రాస్తారు."

"ఆవిడ మొదటి రోజు నుంచీ కోరింది ఒకటే ఎత్తు. ఇప్పుడు కొత్తగా కోరిందని రాస్తే, ఈ గోడలు కూల్చింది కూడా ఆవిడ సరదాకే అవుతుంది. నేను రాయనండి."

"రేపు ఇంకెవరైనా చూస్తే ఆఫీసు పరువేం కావాలి?"

"ఆఫీసు పరువు కావాలంటే మేస్త్రి ఫోన్ చేసినప్పుడు షీటు తీసి చూడాల్సింది."

ఇంత మాట ఎప్పుడూ అనలేదు నేను. సారు మొహం ఎర్రబడింది. నేను ఆగలేదు, నాకు తెలిసినవన్నీ ఏకరువు పెట్టాను. అత్తిలి పామాయిల్ తోట నుంచి మొదలుపెట్టాను. ఆయన వినీ వినీ, "ఏం రాసుకుంటావో రాసుకో," అని ముందు గదిలోకి వెళ్లిపోయారు. నేను రాసుకున్నాను. 'మొదటి షీటులో మా ఆఫీసు పొరపాటు. నేల ఎత్తు సరిచేయడమైనది.' ఆ రెండు వాక్యాలు ఎన్నిసార్లు దిద్దానో. పొరపాటు అనాలా, తప్పు అనాలా అని కూడా ఆలోచించాను. అక్షరాలు మిగతా రాతకంటే ఒక పాయింటు పెద్దవి చేశాను. ప్రింటు తీసి ఆయన బల్ల మీద పెడితే, సంతకం పెట్టారు. ఆ సాయంత్రం రైల్లో నిలబడే ప్రయాణం చేశాను, అయినా కాళ్లు నొప్పెయ్యలేదు.

గురువారం మొదటి బస్సుకే కొల్లేరు చేరాను. అప్పటికే ద్వారబంధం తీసి, రెండు ఇటుకల మీద ఏటవాలుగా పడుకోబెట్టారు. గడపకి ఆవిడ మళ్లీ పసుపు రాస్తున్నారు. మేస్త్రి, ఇద్దరు కూలీలు కాగితం కోసం చూస్తున్నారు. నేను షీటు విప్పి, ముందుగా ఆ కింద గడి చూపించాను. గట్టిగా చదివి వినిపించాను కూడా. మా ఆఫీసు పొరపాటు అని చదివేటప్పుడు నా గొంతులో గర్వం ఉంది, కాదనను. ఆ పదం రాయడానికి నేనెంత గొడవపడ్డానో చెప్పడం మొదలుపెట్టాను.

ఆవిడ చేతికున్న పసుపు కొంగుకి తుడుచుకుంటూ విన్నారు. "పోన్లెండమ్మా, ఎవరి తప్పయితే ఏముందిప్పుడు," అన్నారు. "నాలుగున్నరని ఉందా లేదా, అది చూపించండి."

సెక్షన్ చూపించాను. నాలుగున్నర. ఆవిడకి ప్లాను తెలియదు గానీ అంకెలు తెలుసు, బడిలో రోజూ బియ్యం కొలిచి రాసే మనిషి. ఈసారి ఆవిడ అక్కడితో ఆగలేదు. షీటు మీదకి వంగి, ప్లాను మీదా, ఎదర బొమ్మ మీదా, మెట్ల మీదా ఒక్కొక్క అంకే వేలు పెట్టి చదువుకుంటూ పోయారు. మేస్త్రి కూడా ఆ వేలినే చూస్తున్నారు. పై మూల ద్వారబంధం బొమ్మ ఉంది. గడప నేల నుంచి ఎంత ఎత్తున కూర్చోవాలో చూపించే చిన్న బొమ్మ, ద్వారబంధం నిలబెట్టేటప్పుడు మేస్త్రి చూసేది దాన్నే. వేలు అక్కడ ఆగింది.

"ఇక్కడ రెండు అనుందేంటమ్మా?"

వంగి చూశాను. రెండడుగులు. అది కూడా వ్యూ కాదు, గీతలే. సారు దాన్ని కూడా ఎప్పుడో పగలగొట్టారు, ఆ సంగతి ఆయనకి గుర్తులేదు, నేను అడగలేదు. నిన్నంతా నా కళ్లు ఆ కింద గడి మీదే ఉన్నాయి.

ఈసారి ఆ షీటు లాగమని నాకు ఎవరూ చెప్పలేదు.